మూలన పడని వాయిద్యం

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ధన్‌కుల్ అని ఒక వాయిద్యం ఉంది. దానికోసం సంగీత పరికరాల దుకాణానికి వెళ్లక్కర్లేదు. గడ్డి చుట్టకుదురు మీద మట్టికుండ నిలబెట్టి, మూతిని చేటతో మూస్తారు. వెదురు విల్లు తెచ్చి దాని కొసను చేట మీద ఆనిస్తారు. విల్లు బద్ద మీద ఒకపక్క వరసగా గాట్లు పెట్టి ఉంటాయి. వాయించే ఆవిడ కుడిచేత్తో సన్నటి వెదురుపుల్ల పట్టుకుని ఆ గాట్లను గీరుతుంది. ఆ పుల్లను ఛిర్నీ కాడీ అంటారు. అదే సమయంలో ఎడమచెయ్యి వింటినారిని లాగి వదులుతూ ఉంటుంది. గాట్ల మీద ఛర్రుఛర్రున ఒక చప్పుడు, నారి వదిలినప్పుడల్లా కుండలోంచి ఘుమ్మని ఇంకొకటి. రెండు చేతులవీ రెండు పనులు. వాటి మీద పాట.

ఆ పాట కూడా అయిదు నిమిషాల్లో తేలేది కాదు. ధన్‌కుల్ వాయిస్తూ పాడే ఆడవాళ్లను గురుమాయిలంటారు. వరికోతలయ్యాక జరిగే లఛ్‌మీ జగార్‌లో వాళ్లు రోజుల తరబడి కథాగానం చేస్తారు. ధాన్యమే లక్ష్మి, ఆమెకు నారాయణుడితో జరిగే పెళ్లే అందులో ముఖ్య ఘట్టం. భాష హల్బీ. పుస్తకం చూసి చదవరు, అంతా నోటికి రావాలి. కొండగావ్‌కు చెందిన రచయిత హరిహర్ వైష్ణవ్, క్రిస్ గ్రెగరీ అనే మానవశాస్త్రజ్ఞుడితో కలిసి, సుక్‌దయీ కొర్రామ్ అనే గురుమాయి పాడిన లఛ్‌మీ జగార్‌ను కాగితం మీదికెక్కించారు. అప్పటిదాకా ఆ కావ్యం ఉన్నది ఆమె గొంతులో, ఆమె రెండు చేతుల్లో.

ఇంత పెద్ద పని చేసే గురుమాయికి టైంటేబుల్ లేదు, గ్రేడ్ పరీక్షలు లేవు, ఫోన్‌లో గుర్తుచేసే యాప్ లేదు. మరి సాధన ఎలా నిలిచింది? జవాబు జగార్‌లోనే కనిపిస్తుంది. అక్కడ గురుమాయి ఒక్కతే కూర్చోదు. ముందుండి నడిపించే ఆవిడ పాట్ గురుమాయి. పక్కన కూర్చుని అందుకునే ఆవిడ చేలీ గురుమాయి, అంటే శిష్యురాలు. పాట్ గురుమాయి వెంట పాడుతూ, వాయిస్తూ, కథ పట్టుబడే దాకా చేలీ ఆ పక్కనే ఉంటుంది. నేర్చుకోవడం ఒకచోట, ప్రదర్శన మరోచోట అన్న విభజన అక్కడ లేదు. ఊరంతా వింటుండగానే పాఠం నడుస్తుంది.

మన ఇళ్లలో లెక్క వేరు. విజయదశమి రోజు పిల్లను వీణలోనో పిల్లవాణ్ని కీబోర్డులోనో చేరుస్తాం. కొత్త వాయిద్యం, కొత్త నోటుపుస్తకం, గురువుగారికి తాంబూలం. సంక్రాంతి వచ్చేసరికి వాయిద్యానికి గుడ్డ కప్పి ఉంటుంది. వేసవిలో అది బీరువా మీదికెక్కుతుంది. రిటైరయ్యాక ఫ్లూట్ కొనుక్కున్న పెద్దమనిషి సంగతీ ఇంతే, కాకపోతే ఆయన్ను తిట్టేవాళ్లుండరు, తనను తనే తిట్టుకుంటాడు. అందరూ చెప్పే కారణం ఒకటే: పట్టుదల లేదు, శ్రద్ధ లేదు, ఫోన్లొచ్చి చెడగొట్టాయి.

ఈ కారణం నాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు. పట్టుదల ఉన్నవాళ్లకు సాధన హాయిగా ఉంటుందని, లేనివాళ్లకే అది బరువని ఇందులో ఒక ఊహ దాగి ఉంది. అది నిజం కాదు. ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ సంగీత విద్యాలయంలో వయొలిన్ నేర్చుకుంటున్నవాళ్లను పరిశీలించి 1993లో ఒక వ్యాసం ప్రచురించింది. పదివేల గంటలనే మాట తర్వాత ప్రపంచమంతా పాకింది ఆ వ్యాసం నుంచే. పదివేల గంటలు పట్టుకున్న జనం అందులోని ఇంకో సంగతి వదిలేశారు. తమను పైకి తెచ్చేది ఒంటరి సాధనేనని ఆ విద్యార్థులు చెప్పారు. అది ఎంత ఆనందంగా ఉంటుందని అడిగితే మాత్రం పెద్దగా మార్కులు వేయలేదు. వాళ్లలో మేటి అయినవాళ్లు కూడా రోజుకు సుమారు నాలుగు గంటలు మించి చేయలేదు, అదీ విరామాలతో, మధ్యాహ్నం ఒక కునుకుతో. అంతటివాళ్లకే సాధనలో స్వతహాగా హుషారు పుట్టకపోతే ఏడేళ్ల పిల్లకు సరళీ స్వరాల్లో ఎక్కణ్నుంచి పుడుతుంది? హుషారు సాధన లోపల దొరకదు. బయటినుంచి ఏదో ఒకటి లాగాలి. బస్తర్ ఆ లాగేదాన్ని ఎలా అమర్చిందన్నదే అసలు విషయం.

ఉత్తర బస్తర్‌లోని మురియా గోండుల ఘోటుల్ గురించి చాలామంది ఏదో ఒకటి విని ఉంటారు, ఎక్కువగా తప్పుగా. వెరియర్ ఎల్విన్ 1947లో దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. పెళ్లికాని అబ్బాయిలు, అమ్మాయిలు సాయంత్రం అక్కడ చేరతారు. అబ్బాయిలు చెలిక్‌లు, అమ్మాయిలు మోటియారీలు. చదివేవాళ్ల కుతూహలమంతా వాళ్ల ప్రేమల మీదికి పోయింది కానీ, సంగీతం కోణంలో చూస్తే ఘోటుల్ రాత్రిబడి. పనులు పంచుకుంటారు, పదవులుంటాయి, అప్పగించిన పని ఎగ్గొడితే జరిమానా కూడా ఉంటుంది. ఆటా పాటా డప్పూ ఆ క్రమశిక్షణలో భాగమే. చిన్నపిల్లవాడు పెద్ద చెలిక్‌ల మధ్య కూర్చుని చూస్తాడు, చూసి వాయిస్తాడు, తప్పితే పక్కవాడి చెయ్యి చూసి దిద్దుకుంటాడు. ఘోటుల్‌కు ఆద్యుడిగా కొలిచే లింగో పేన్ పద్దెనిమిది వాయిద్యాలు ఒక్కసారే వాయించాడని వాళ్ల కథ. దేవుడే వాద్యకారుడైన చోట వాయించడం తీరిక పని కాదు.

ఇక్కడ గమనించాల్సింది జరిమానా కాదు. వాయించాలా వద్దా అని ఆ పిల్లవాడు ప్రతి సాయంత్రం నిర్ణయించుకోవక్కర్లేదు. చీకటి పడింది, ఘోటుల్‌కు వెళ్లాడు, అక్కడ డోలు ఉంది. మన పిల్ల మాత్రం రోజూ ఒంటరిగా గదిలోకి వెళ్లాలి, తలుపేసుకోవాలి, తనంతట తను మొదలుపెట్టాలి. ఒక పనిని నిన్న మొదలుపెట్టినంత మాత్రాన ఇవాళ మొదలుపెట్టడం తేలిక కాదు. సాధన ఆగిపోయే ఇళ్లలో సాధారణంగా వాయించడం దగ్గర ఆగదు, వాయిద్యం మీంచి గుడ్డ తీయడం దగ్గర ఆగుతుంది.

రెండో తేడా ఇంకా పెద్దది. కర్ణాటక సంగీతంలో పిల్ల ముందు మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లో పలికించాలి. తర్వాత గీతాలు, స్వరజతులు, వర్ణాలు. కృతి చేతికొచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. పునాదిగా ఈ క్రమానికి తిరుగులేదు, వందల ఏళ్ల అనుభవంతో తేల్చిన దారి అది. చిక్కల్లా ఆ ఏళ్లలో పిల్ల వాయించేది ఎవరికీ పనికిరాదు. ఇంటికొచ్చిన చుట్టాలు "ఏదీ, ఒక పాట వాయించమ్మా" అంటే జంట స్వరాలు వినిపించలేదు కదా. ఘోటుల్‌లో, జగార్‌లో అలా కాదు. చేలీ గురుమాయికి మొదటిరోజు నుంచే పాట మొత్తం చుట్టూ ఉంటుంది, అందులో ఆమెది చిన్న వంతు. సంగీతశాస్త్రజ్ఞుడు థామస్ టురీనో 2008లో రాసిన పుస్తకంలో ఇలాంటి సంగీతాన్ని అందరూ పాల్గొనే సంగీతంగా విడదీసి చూపాడు. అందులో కొత్తవాడికి సరిపడా తేలిక వంతు, ఆరితేరినవాడికి సరిపడా కష్టమైన వంతు ఒకే పాటలో ఉంటాయి. వేదిక మీద కొందరు వాయించి మిగతావాళ్లు వినే సంగీతంలో ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ నేర్చుకునేవాడు సిద్ధమయ్యేదాకా బయట నిలబడాల్సిందే.

దక్షిణాన దండామీ మాడియాల నాట్యం చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. అడవిదున్న కొమ్ముల తలపాగాలు పెట్టుకుని, పొడవాటి డోళ్లు మెడకు వేలాడేసుకుని మగవాళ్లు వాయిస్తూనే ఆడతారు. ఆడవాళ్లు చేతికర్రలను నేలకు తాటిస్తూ వరసగా కదులుతారు, కర్రకున్న ఇనుప మువ్వలు తాళం వేస్తాయి. డోలు వాయించేవాడి కాలే అతనికి మెట్రోనోమ్. అడుగు తప్పితే ముందు పక్కవాడికి తగులుతాడు, ఆ తర్వాతే తాళం తప్పాడని తెలుస్తుంది.

మూడోది తేదీ. బస్తర్‌లోని జగ్‌దల్‌పూర్ దసరా 75 రోజుల పండుగ. హరేలీ అమావాస్య నాడు పాట్ జాత్రాతో మొదలవుతుంది. అమ్మవారు దంతేశ్వరి. ఓరుగల్లు పడిపోయాక అటు వెళ్లిన కాకతీయ అన్నమదేవుడి వంశానికి ఆమె ఇలవేల్పు, కాబట్టి ఈ పండుగకు మనతో చుట్టరికమూ ఉంది. ఇందులో పనులు ఊళ్లవారీగా పంచి ఉంటాయి. రథం చెక్కేది బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ వడ్రంగులు. అమ్మవారి ముందు ముండా బాజా వాయించేది పోటానార్ ఊరివాళ్లు. పోటానార్‌లో డోలు కట్టేవాడికి ఈ ఏడు వాయించబుద్ధి కావడం లేదు అనే ఆలోచన ఎంతసేపు నిలుస్తుంది? ఫలానా నెలలో ఫలానా చోట అతని డోలు మోగాలి, మోగకపోతే ఊరి పరువు పోతుంది. సన్నాయిలాంటి మోహరీ ఊదేవాళ్ల మీద ఇంకా బరువు. దేవుడికో వరస ఉంటుంది, దాన్ని పాడ్ అంటారు. ఏ దేవుడి జాతరకు పిలిస్తే ఆ పాడ్ రావాలి.

ఇదంతా చదివి, వాళ్ల రక్తంలోనే సంగీతం ఉందిలే అనుకునేవాళ్లుంటారు. అది పొగడ్తలా వినిపించే అపార్థం. రక్తంలో ఉంటే ఎప్పటికీ ఉండాలి. ఇప్పుడు బస్తర్‌లోనూ అది తగ్గుతోంది. చాలా ఊళ్లలో ఘోటుళ్లు మూతపడ్డాయి, పిల్లలు ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో పెరుగుతున్నారు, పెళ్లిళ్లలో మోహరీ బదులు డీజే దిగుతోంది. 2005 తర్వాత దక్షిణ బస్తర్‌లో సల్వా జుడుం అనే మావోయిస్టు వ్యతిరేక దళాలకూ మావోయిస్టులకూ నడుమ ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలమంది సరిహద్దు దాటి మన భద్రాచలం, ములుగు అడవుల్లోకి వచ్చిపడ్డారు, గొత్తికోయలని మనం పిలుస్తున్నది వాళ్లనే. జాతర లేని చోట, దేవుడి గుడి వెనకే ఉండిపోయిన చోట, డోలు ఎందుకు తీస్తారు? పిలుపు ఆగితే సాధన ఆగుతుంది. రక్తం ఏమీ చేయలేదు.

అందుకే అక్కడ వాయిద్యాలను కాపాడాలనుకున్నవాళ్లలో కొందరు మ్యూజియం కట్టడంతో ఆగలేదు, కొత్త పిలుపులు పుట్టించారు. 2019లో పద్మశ్రీ అందుకున్న అనూప్ రంజన్ పాండే అరుదైన వాయిద్యాలను సేకరించడంతో పాటు వాటిని వాయించేవాళ్లను కూడగట్టి బస్తర్ బ్యాండ్ నడిపారు. జగ్‌దల్‌పూర్ పక్కన ఆస్నాలో బాదల్ అనే అకాడమీని ప్రభుత్వం పెట్టింది. వేదిక మీది సంగీతం జాతర సంగీతానికి బదులు కాగలదా అన్నది వేరే చర్చ. కాలేదనే నా అనుమానం. అయినా ఫలానా రోజు కచేరి ఉందంటే ఆ వాయిద్యం అటక మీంచి దిగుతుంది.

2025లో పద్మశ్రీ వచ్చిన పండీరామ్ మండావీ సంగతి కొంచెం వింతగా ఉంటుంది. నారాయణ్‌పూర్ జిల్లా గఢ్‌బెంగాల్‌కు చెందిన ఆయన కొయ్య చెక్కే కళాకారుడు, సులూర్ అనే వెదురు వేణువు చేయడంలో సిద్ధహస్తుడు. సులూర్‌ను ఊదరు, గాలిలో తిప్పుతారు. తిప్పితే గొట్టంలోంచి గాలి దూసుకుపోయి మోగుతుంది. వాయించడానికి సాధన దాదాపు అక్కర్లేని వేణువు! కష్టమంతా చేసేవాడిది. వెదురు ఎంచడం, రంధ్రం సరైన చోట పెట్టడం, కాల్చిన ఇనుముతో నగిషీ దిద్దడం. పన్నెండేళ్ల వయసులో పెద్దవాళ్ల దగ్గర పట్టిన పని అది. రోజూ ఒళ్లు వంచి చేసే పని చివర చేతిలో ఒక వస్తువు మిగలడం ఎంత పెద్ద ఆసరానో సంగీతం నేర్చుకునేవాళ్లకు అంతగా తెలియదు, వాళ్ల శ్రమ గాలిలో కలిసిపోతుంది కాబట్టి. వారానికోసారి వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి తేదీ వేసి దాచుకోమని గురువులు చెప్పేది అందుకే. మూడు నెలల కిందటి రికార్డు విన్నప్పుడు, ఏమీ ముందుకు పోలేదన్న దిగులు చాలావరకు తగ్గుతుంది.

ఇక ఇంట్లో ఏం చేయొచ్చు? ఘోటుల్‌ను అపార్ట్‌మెంట్‌లోకి తేలేం కానీ, అది చేసే పనిలో కొంత తేవచ్చు. మొదలుపెట్టే నిర్ణయాన్ని తప్పించడం మొదటిది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు పరిశీలించి అలవాటు ఎలా పడుతుందో చూసింది. ఫలితాలు 2010లో పత్రికలో అచ్చయ్యాయి. ఒక్కొక్కరూ ఒక చిన్న పని ఎంచుకుని, రోజూ జరిగే మరో పనికి దాన్ని ముడిపెట్టుకున్నారు, ఉదాహరణకు పొద్దుటి టిఫిన్ తర్వాత. పని దానంతటదే జరిగే స్థితికి చేరడానికి సగటున 66 రోజులు పట్టింది. కానీ మనిషికీ మనిషికీ తేడా చాలా ఉంది, 18 రోజుల నుంచి 254 రోజుల దాకా (పన్నెండు వారాలు దాటినవి లెక్కగట్టిన అంచనాలు). ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందన్న ప్రచారాన్ని ఇక పక్కన పెట్టొచ్చు. అంతకంటే పనికొచ్చే సంగతి ఇంకొకటి తేలింది: మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం చెడలేదు. ఒక్కరోజు మానేశాం కాబట్టి అంతా పోయిందనుకుని వదిలేసేవాళ్లు మనలో చాలామంది. వీణ సాధన గ్లాసుడు మంచినీళ్లు తాగడం కన్నా కష్టం, కాబట్టి 66 కంటే ఎక్కువే పడుతుందనుకోవాలి.

సాయంత్రం దీపం పెట్టగానే వీణ అనే ఇళ్లు ఇదివరకు ఉండేవి. అది భక్తి మాత్రమే కాదు, మంచి ముడి కూడా. దీపం ఎలాగూ పెడతారు. ఇప్పుడైతే బడినుంచి వచ్చి పాలు తాగాక అనుకోవచ్చు, పెద్దవాళ్లకు పొద్దుటి కాఫీ తర్వాత. గడియారానికి కట్టిన సాధన ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పోతుంది, పనికి కట్టిన సాధన ఆలస్యంగానైనా జరుగుతుంది. వాయిద్యం కళ్లముందు ఉండాలన్నది చెప్పక్కర్లేదు. బీరువా మీదున్న వీణను దించడానికి నిచ్చెన కావాలి, ఆ నిచ్చెన దగ్గరే సగం సాధనలు ముగుస్తాయి.

ఇరవై నిమిషాలు దొరికితే ఏం వాయించాలన్నది వేరే ప్రశ్న. చాలామంది వచ్చిన పాటను మొదట్నుంచి చివరదాకా మూడుసార్లు వాయించి లేస్తారు. చెడిన చోట మూడుసార్లూ చెడుతుంది, వేళ్లకు ఆ తప్పే అలవాటవుతుంది. చరణంలో చెయ్యి తడబడే ఆ నాలుగు స్వరాలనే విడిగా తీసి, సగం వేగంలో, తప్పు లేకుండా పలికేదాకా వాయించి, తర్వాత వెనకాముందూ కలపాలి. అయిదారు నిమిషాలు చాలు. తర్వాత ఇష్టమైనది వాయించుకుని లేవాలి, విసుగుతో కాదు. ఆదివారం ఒకేసారి రెండు గంటలు కూర్చునేకంటే రోజూ ఇరవై నిమిషాలు ఎందుకు మేలంటే, నడుమ మరుపు, నిద్ర కూడా పని చేస్తాయి. వేళ్లు నేర్చుకున్నది నిద్రలో కుదురుకుంటుంది. రాత్రి రాని సంగతి పొద్దున్న వచ్చిందని చాలామంది వాద్యకారులు చెప్పే అనుభవం ఇదే.

ఒక మాట ఒప్పుకోవాలి. బస్తర్ పద్ధతి వీణకు పూర్తిగా సరిపోదు. గుంపులో కలిసి వాయిస్తే తాళం వస్తుంది, ధైర్యం వస్తుంది, కానీ తోడిలో గాంధారం ఎంత ఊపాలో గుంపు నేర్పదు. దానికి తలుపేసుకున్న గది కావాలి. ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్ లాంటిది గుంపులో పుట్టదు. కాబట్టి గుంపును ఎంచుకోవాల్సింది గది బదులు కాదు, గదిలోకి వెళ్లడానికి కారణంగా.

ఆ కారణాలు మన దగ్గర లేకపోలేదు. ఊళ్లలో సాయంత్రాలు ఆడవాళ్లు చేరి కోలాటం నేర్చుకుంటున్నారంటే వెనక ఒక తేదీ ఉంటుంది: శ్రీరామనవమి, లేదా తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనసేవ ముందు ఆడే అవకాశం. తిరుమల తిరుపతి దేవస్థానం దాససాహిత్య ప్రాజెక్టు భజన మండళ్లను కూడగట్టడం వల్ల ఎన్ని ఊళ్లలో తాళాలు, మృదంగాలు మళ్లీ బయటికొచ్చాయో వాటిని చూసినవాళ్లకు తెలుసు. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన వస్తోందంటే సంగీత పాఠశాలల్లో పంచరత్నాల గోష్ఠిగానం కోసం నెలల ముందే కదలిక మొదలవుతుంది. అందులో ఆరితేరిన విద్వాంసుడి పక్కనే, పల్లవి మాత్రమే గట్టిగా అందుకుని మిగతాచోట గొంతు తగ్గించే విద్యార్థి కూడా కూర్చుంటాడు. చేలీ గురుమాయి కూర్చున్న చోటు అదే. అమెరికాలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవం 1978 నుంచి జరుగుతోంది. అక్కడి ప్రవాస కుటుంబాల్లో పిల్లలు వారాంతపు పాఠాలు వదలకపోవడానికి దాని తేదీ కూడా ఒక కారణం.

అంత పెద్దవి అక్కర్లేదు కూడా. వీధి చివర గుడిలో శనివారం భజన ఉంటే, అయిదు నెలలుగా ఫ్లూట్ నేర్చుకుంటున్న పెద్దాయన ఒక్క పాటకు శ్రుతి కలిపితే చాలు. ఆ పాట కోసం ఆయన వారమంతా వాయిస్తాడు. పిల్లలైతే నెలకోసారి తాతగారికి వీడియో కాల్‌లో ఒక గీతం. వినేవాడు కచ్చితంగా వింటాడని, అడుగుతాడని తెలియాలి. పొగడటం తర్వాతి సంగతి.

ఇంత చేసినా వద్దనే పిల్లలుంటారు. ఎప్పుడు మాన్పించాలి అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. గ్యారీ మెక్‌ఫర్సన్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు వాయిద్యం మొదలుపెట్టబోతున్న ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను, మొదటి పాఠానికి ముందే, దీన్ని ఎన్నాళ్లు వాయిస్తావని అడిగాడు. చాలాకాలం అన్న పిల్లలు కొంచెం సాధనతోనే ముందుకు పోయారు, ఈ ఒక్క ఏడాదే అన్నవాళ్లు ఎక్కువ సాధన చేసినా అంతగా పోలేదు. కాబట్టి ఆ ప్రశ్న వీణ కొనడానికి ముందే అడగడం మంచిది, అది మనం ఎవరి ముచ్చట తీర్చుకుంటున్నామో కూడా చెప్పేస్తుంది. చేర్చాక మాత్రం విసుగు పుట్టిన వారమే మాన్పించకూడదు. ముందున్న ఏదో ఒక తేదీ చూసుకుని, గుడిలో భజనో, పాఠశాల వార్షికోత్సవమో, ఒక్కసారి నలుగురిలో వాయించేదాకా ఆగి అప్పుడు అడగాలి. ఆ తర్వాత కూడా వద్దంటే బలవంతం అనవసరం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన వీణైతే మరీను, తీగలు తుప్పుపట్టేదాకా బీరువా మీద ఉంచకుండా వీధిలో నేర్చుకునే ఇంకో పిల్ల ఎవరైనా ఉంటే ఇచ్చేయండి.